కింద కొమ్మ కొడితే పై కొమ్మ సాగుతుందా?

జామాయిల్, అదే యూకలిప్టస్, తోట పెంచుతున్నానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే, కింద కొమ్మలు కొట్టేస్తే చెట్టు పైకి బాగా సాగుతుంది కదా, ఎందుకు కొట్టించట్లేదు అని. మొదట్లో నేనూ అదే నమ్మాను. కింద కొమ్మలు బలం లాగేస్తాయి, తీసేస్తే ఆ బలమంతా పైకి పోతుంది, వినడానికి ఎంత సబబుగా ఉంటుందో కదా. కానీ ఐదేళ్ళు చెట్లకి టేపు చుట్టి కొలుస్తూ, దొరికినంత చదువుతూ వచ్చాక నాకు అర్థమైంది ఏంటంటే కొమ్మలు కొట్టినందువల్ల యూకలిప్టస్ చెట్టు ఎక్కువ పెరగదు. సరైన టైంలో సరైన మోతాదులో కొడితే కొట్టని చెట్టుతో సమానంగా పెరుగుతుంది, అంతే, మోతాదు తప్పితే వెనకబడుతుంది. మరి లాభం లేనప్పుడు ఇంత కష్టం ఎందుకు అంటే, లాభం చెట్టు సైజులో కాదు, లోపల చెక్కలో ఉంటుంది. ఆ సంగతి కాస్త వివరంగా రాద్దామనే ఈ పోస్టు.

నాకు ఈ విషయం బుర్రకెక్కింది ఒక కోత మిల్లులో. ఎవరిదో యూకలిప్టస్ దుంగ, బయట నుంచి చూస్తే నున్నగా స్తంభంలా ఉంది, ఒక్క బొడిపె లేదు. రంపం కింద పెట్టి పలకలు తీస్తుంటే మొదటి రెండు పలకలు లేత గులాబీ రంగులో శుభ్రంగా వచ్చాయి, మూడో పలకలో నల్లగా రూపాయి బిళ్ళంత గుండ్రటి ముడి, దాని చుట్టూ ముదురు ఎరుపు బంక గట్టిపడి గాజులా మెరుస్తోంది. అక్కడున్న పెద్దాయన ఆ ముడి మీద వేలితో నొక్కితే అది ఊడి కింద పడిపోయింది, పలకలో కన్నం మిగిలింది. తర్వాతి పలకలో అలాంటివి ఆరు. "దీన్ని ఇక చిత్రిక పట్టి లాభం లేదు బాబూ, పెట్టెలకి పోతుంది" అన్నాడాయన. ఆ దుంగ బయట అంత నున్నగా ఉండి లోపల అలా ఎందుకుందో తెలుసుకోవాలనిపించింది, అక్కడ మొదలైంది నాకీ పిచ్చి.

ముడి అంటే మరేం కాదు, మానులో పాతుకుపోయిన కొమ్మ మొదలు. చెట్టు ఏటా లావెక్కుతూ తన చెక్కని కొమ్మ మొదలు చుట్టూ పోస్తూ పోతుంది. కొమ్మ బతికున్నంత కాలం దాని చెక్క, మాను చెక్క ఒకదానిలో ఒకటి కలిసి అల్లుకుని ఉంటాయి కాబట్టి ఆ ముడి గట్టిగా ఉంటుంది, ఊడదు. కొమ్మ చచ్చిపోయాక మాత్రం మాను దాన్ని కలుపుకోదు, గోడలో మేకు బిగుసుకున్నట్టు చుట్టూ పెరుగుతుందంతే, మధ్యలో బెరడు, బంక ఇరుక్కుంటాయి, పలక కోసి ఆరబెట్టాక అదే ఊడిపోతుంది. నేను చూసింది ఆ రకం. ఆ ఎర్ర బంకని కీనో అంటారు, యూకలిప్టస్ తనకి దెబ్బ తగిలిన చోటల్లా దీన్ని కారుస్తుంది, గాయం మూసుకోవడానికి అది చెట్టుకి మందు, మనకి మాత్రం చెక్కలో మచ్చ.

ఇక్కడో మాట చెప్పాలి, యూకలిప్టస్ తన కొమ్మల్ని తనే రాల్చుకునే చెట్టు. నీడ పడ్డ కింద కొమ్మ ఎండిపోతుంది, మొదలు దగ్గర పెళుసుబారి విరిగి పడిపోతుంది, ఆ మొండెం మీదుగా కొత్త చెక్క కమ్ముకుంటుంది. ఆస్ట్రేలియా అడవుల్లో యూకలిప్టస్ రెగ్నన్స్ అనే జాతి ఉంది, పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనవాటిలో అదొకటి, టాస్మేనియాలో ఉన్న సెంచూరియన్ అనే చెట్టు సుమారు 100 మీటర్లు ఉంటుంది. అలాంటి చెట్లకి కింద పదుల మీటర్ల దాకా ఒక్క కొమ్మ ఉండదు, ఎవడూ వెళ్ళి రంపం పెట్టలేదు. మరి తోటల్లో మనమెందుకు కొట్టాలి? ఎందుకంటే అడవిలో అడవి మంట తర్వాత మొలకలు గడ్డిలా ఒత్తుగా లేస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతాయి, కొమ్మలు సన్నగా ఉండగానే ఎండి రాలిపోతాయి, ఆ తర్వాత చెట్టుకి నున్నటి చెక్క పోసుకోవడానికి వందేళ్ళ టైం ఉంటుంది. తోటలో మనం దూరం దూరంగా నాటుతాం, వెలుతురు కింద దాకా వస్తుంది, కొమ్మలు బొటనవేలు దాటి లావెక్కుతాయి, అలాంటి లావు కొమ్మ ఎండినా తేలిగ్గా ఊడి రాదు, మానుకి పట్టుకుని వేలాడుతూనే ఉంటుంది. పైగా అన్ని జాతులూ ఒకలా ఉండవు, యూకలిప్టస్ నైటెన్స్ అయితే ఎండు కొమ్మల్ని ఏళ్ళ తరబడి వదలదు. మనకా వందేళ్ళ టైం లేదు, అందుకే రంపం.

సరే, కింద కొమ్మలు బలం లాగేస్తాయన్న మాటకి వద్దాం. ఇందులో సగం నిజం ఉంది. తోట దగ్గరపడి పై కొమ్మలు ఒకదానికొకటి తగిలాక కింద ఆకులకి వెలుతురు బాగా తగ్గిపోతుంది, అవి తయారుచేసే ఆహారం వాటి ఊపిరికే సరిపోతుంది, మానుకి పంపడానికి మిగలదు. కానీ చెట్టు పై నుంచి తిండి దింపి ఆ ముదురు ఆకుల్ని కూర్చోబెట్టి మేపదు, సంపాదన పూర్తిగా ఆగిన ఆకుని రాల్చేస్తుంది. అంటే నీడలో ఉన్న కొమ్మ తీస్తే నష్టం లేదు, లాభమూ లేదు. అదే తోట ఇంకా కమ్ముకోక ముందు, రెండు మూడేళ్ళ వయసులో, కింద కొమ్మలక్కూడా ఎండ తగులుతున్నప్పుడు అవి సంపాదించే కొమ్మలే. వాటిని తీస్తే చెట్టు రాబడి కోసినట్టే. కొమ్మ కొట్టడమంటే ఆకు తీయడం, ఆకు తీయడమంటే తిండి తగ్గించడం, ఈ లెక్కలో మాయ లేదు.

మరి తిండి తగ్గించినా చెట్టు వెనకబడకుండా ఎలా ఉంటుంది, ఎంతవరకు ఉంటుంది అన్నదే అసలు ప్రశ్న, దీనికి మంచి జవాబు టాస్మేనియా నుంచి వచ్చింది. 1990ల్లో అక్కడ పింకార్డ్, బీడిల్ అనే పరిశోధకులు కమ్ముకోబోతున్న నైటెన్స్ తోటల్లో పచ్చి కొమ్మల్ని వేరే వేరే మోతాదుల్లో కొట్టి చూశారు. చెట్టు పచ్చటి గుబురు పొడుగులో కింది సగం తీసేసినా ఎత్తు, లావు రెండూ కొట్టని చెట్లతో సమానంగానే పెరిగాయి, 70 శాతం తీసేస్తే మాత్రం రెండూ దెబ్బతిన్నాయి. కింది కొమ్మలు పెద్దవి కాబట్టి సగం పొడుగు తీస్తే ఆకు సగం కంటే కొంచెం ఎక్కువే పోతుంది, అయినా చెట్టు తట్టుకుంది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది, సగం పైగా ఆకు పోయినా ఏమీ కానట్టు పెరిగే జీవి ఇంకేముంటుంది చెప్పండి.

ఎలా తట్టుకుంటుందంటే మిగిలిన ఆకులు ఎక్కువ పని చేస్తాయి. మామూలుగా ఆకు తన పూర్తి శక్తితో పనిచేయదు, వేర్లు పంపే నీరు, నత్రజని అన్ని ఆకులూ పంచుకోవాలి. సగం ఆకులు పోయాక అదే వేరు వ్యవస్థ పంపేది మిగిలిన సగానికి అందుతుంది, పైనుంచి వచ్చే ఎండ కూడా కొంచెం లోపలికి దిగుతుంది, ఒక్కో ఆకు కిరణజన్య సంయోగక్రియ వేగం పెంచుతుంది. దాంతోపాటు చెట్టు పైన కొత్త ఆకు త్వరగా వేస్తుంది, ఉన్న ఆకుని ఎక్కువకాలం నిలబెట్టుకుంటుంది. ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్ళలో ఒకళ్ళు పని మానేస్తే రెండోవాళ్ళు ఓవర్‌టైం చేసి ఇల్లు నడిపినట్టు. కానీ ఓవర్‌టైంకీ ఒక హద్దుంటుంది కదా, ఆ హద్దే దాదాపు ఈ సగం అనేది. నేలలో సారం, తేమ బాగున్నచోట చెట్టు త్వరగా కోలుకుంటుంది, సారం లేని నేలలో అదే సగం కూడా బరువే అవుతుంది, అక్కడ ఇంకా తక్కువ తీయడం మంచిది.

ఈ సగం అనేది చెట్టు ఎత్తులో సగం కాదండి, పచ్చగా ఉన్న గుబురు పొడుగులో సగం, ఇక్కడే చాలామంది తడబడతారు. 8 మీటర్ల చెట్టుకి నేల దగ్గర్నుంచి పచ్చి కొమ్మలుంటే 4 మీటర్ల దాకా తీయొచ్చు. అదే చెట్టుకి కింద ఒకటిన్నర మీటరు ఇప్పటికే ఎండిపోయి ఉంటే పచ్చటి పొడుగు ఆరున్నర, అందులో సగం మూడుంపావు, అంటే నేల నుంచి నాలుగు ముప్పావు మీటర్ల దాకా తీయొచ్చు.

నేను చేసిన తప్పు ఇందులోనే. మొదటిసారి కొట్టించినప్పుడు ఒక కర్రకి మూడున్నర మీటర్ల దగ్గర ఎర్ర గుడ్డ కట్టి, దీని కింద ఉన్నవన్నీ తీసేయండి అని పనివాళ్ళకి చెప్పాను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేశారు, వాళ్ళ తప్పేం లేదు. తోటంతా ఒకే గీత గీసినట్టు ఎంత అందంగా వచ్చిందో, చూసి మురిసిపోయాను. కానీ తోటలో చెట్లన్నీ ఒకే ఎత్తు ఉండవు కదా. ఏడున్నర మీటర్ల చెట్టుకి మూడున్నర అంటే సగం కంటే తక్కువ, దానికేం కాలేదు. ఐదు మీటర్ల చెట్టుకి అదే మూడున్నర అంటే 70 శాతం. ఆ చిన్న చెట్లు ఆ ఏడాది చీపురు తలకిందులు చేసినట్టు పైన నాలుగు ఆకులతో నిలబడ్డాయి, పక్క చెట్లు వాటి నెత్తి మీదికి కమ్మేశాయి, తర్వాత మళ్ళీ లేవలేదు. వెనకబడ్డ చెట్టుకే ఎక్కువ శిక్ష వేశానని అర్థమయ్యేసరికి చేతిలో ఏం లేదు. అప్పట్నుంచి గుడ్డ కట్టడం మానేశాను, ప్రతి చెట్టుకీ కింద నుంచుని తల పైకెత్తి చూసి, దాని పచ్చదనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూశాకే రంపం.

మోతాదు మించితే ముందు దెబ్బతినేది లావు, ఎత్తు తర్వాత. చెట్టు తన ఆదాయంలో మొదట చిగురుకి, కొత్త ఆకుకి పెడుతుంది, మాను లావెక్కడం చివరి ఖర్చు, ఇల్లు ఇబ్బందుల్లో ఉంటే ముందు ఆగేది గోడకి రంగు వేయడమే కదా, అలా. అందుకే ఎత్తు కొలిచి బాగానే ఉంది అనుకుంటే మోసపోతాం, రొమ్ము ఎత్తులో టేపు చుడితేనే నిజం తెలుస్తుంది. ఇంకో సంగతి, కొమ్మ కొట్టాక మాను ఆకారం కూడా మారుతుంది. 19వ శతాబ్దంలోనే ప్రెస్లర్ అనే జర్మన్ అటవీ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు, మానులో ఏ చోటైనా ఏటా చేరే చెక్క ఆ చోటికి పైన ఎంత ఆకు ఉందో దాన్ని బట్టి ఉంటుందని. కింద దాకా కొమ్మలున్న చెట్టుకి మొదలు దగ్గరికి వచ్చేసరికి పైన ఆకు ఎక్కువ, కాబట్టి మొదలు లావుగా పైకి సన్నగా ముల్లంగిలా ఉంటుంది. కింద కొమ్మలు తీసేస్తే ఆ భాగమంతటికీ పైన ఉన్న ఆకు ఒకటే, కాబట్టి కింద, పైన దాదాపు సమానంగా చెక్క చేరుతూ స్తంభంలా తయారవుతుంది. కోత మిల్లు వాళ్ళకి ఇది బంగారం, ముల్లంగి దుంగ కోస్తే అంచుల్లో పోయే చెక్క చాలా ఎక్కువ. తేడా మరీ పెద్దగా ఉండదు గానీ ఉంటుంది.

ఎక్కువ కొట్టినప్పుడు వచ్చే ఇంకో తలనొప్పి పిలకలు. ఆస్ట్రేలియాలో అడవి తగలబడ్డాక బొగ్గులా నల్లటి మానుల నిండా పచ్చటి చిగుళ్ళు బొచ్చులా లేస్తాయి, ఫోటోల్లో చూసే ఉంటారు. యూకలిప్టస్‌కి మొగ్గ వేసే కణాలు బెరడు లోపలి పొరల్లో, మంట వేడి తగలనంత లోతులో దాక్కుని ఉంటాయి. ఆకు ఒక్కసారిగా పోయి, మాను మీద ఎండ పడితే అవి మేలుకుంటాయి. చెట్టుకి మంటకీ మన రంపానికీ తేడా తెలియదు, దాని లెక్కలో ఆకు పోయింది, మళ్ళీ వేయాలి, అంతే. సగం లోపల తీసిన చెట్లకి నా తోటలో ఈ పిలకలు బాగా తక్కువ, ఎక్కువ తీసిన చెట్లకి గంపలకొద్దీ వచ్చాయి. వాటిని అలాగే వదిలితే అవే కొమ్మలై మళ్ళీ ముడులు పెడతాయి, చేసిన పనంతా బూడిదలో పోసినట్టు. లేతగా ఉన్నప్పుడు వేలితో రుద్దితే రాలిపోతాయి, నెల ఆలస్యమైతే మళ్ళీ కత్తెర కావాలి.

ఇప్పుడు టైం గురించి. నన్నడిగితే మోతాదు కన్నా ఇదే ముఖ్యం, ఎందుకంటే యూకలిప్టస్ మన తీరిక కోసం ఆగే చెట్టు కాదు. కొమ్మలు కొట్టేనాటికి మాను ఎంత లావుంటే అంత మేర ముడుల గుండె లోపల ఉండిపోతుంది, ఆ తర్వాత దాని మీద చేరేదే నున్నటి చెక్క. ఒక లెక్క వేద్దాం. కొట్టేనాటికి కొమ్మ మొండేలతో కలిపి మాను 12 సెంటీమీటర్లు ఉంది, నరికేనాటికి 50 అయింది. అడ్డుకోతలో ముడుల భాగం 6 శాతం లోపే, మిగతా అంతా శుభ్రమైన చెక్క. అదే కొట్టడం ఆలస్యమై 20 సెంటీమీటర్ల దగ్గర కొడితే 16 శాతం. ఇక్కడిదాకా పర్వాలేదు అనిపిస్తుంది. కానీ చెట్టుని 25 సెంటీమీటర్లకే నరికేస్తే? 12 దగ్గర కొట్టినదానికి ముడుల భాగం 23 శాతం, 20 దగ్గర కొట్టినదానికి 64 శాతం. గాయాలు మూసుకునే మందం కూడా కలిపితే ఇంకాస్త ఎక్కువే. అంటే చెట్టుని పెద్దదయ్యేదాకా ఉంచే ఉద్దేశం లేనివాళ్ళు కొమ్మలు కొట్టడం శుద్ధ దండగ. కాగితం గుజ్జు కోసం, కర్రల కోసం, వంటచెరకు కోసం వేసిన తోటలో రంపం పట్టుకోకండి, ప్రపంచంలో ఎక్కువ యూకలిప్టస్ తోటలు ఇలాంటివే, బ్రెజిల్‌లో గుజ్జు తోటలు ఆరేడేళ్ళకే నరికేస్తారు, అక్కడ ఆకు ఎంత ఉంటే అంత మంచిది. పలకల కోసం, వెనీర్ అనే పల్చటి చెక్క రేకుల కోసం ఇరవై ఏళ్ళ పైన ఉంచుదామనుకునేవాళ్ళకే ఇదంతా, టాస్మేనియాలో నైటెన్స్, ఉరుగ్వేలో గ్రాండిస్ అలా పెంచుతున్నారు.

అయితే ఒకేసారి కొట్టేసి చేతులు దులుపుకుందామంటే కుదరదు. టాస్మేనియాలో దుంగ పొడుగుకి సరిపడా 6.4 మీటర్ల దాకా శుభ్రం చేస్తారు. సగం లెక్క ప్రకారం ఒకేసారి అంత పైదాకా కొట్టాలంటే చెట్టు దాదాపు 13 మీటర్లు ఉండాలి, అప్పటికి కింద కొమ్మలు ఎండిపోయి, మాను లావెక్కి, ముడులు లోపల కూర్చుని ఉంటాయి. అందుకే రెండు మూడు విడతలు, మొదటిది రెండున్నర మీటర్ల దగ్గర్లో, తర్వాత నాలుగున్నర దాకా, ఆఖరిది ఆరు పైన. ఒక్కో విడతకీ మధ్య చెట్టు పైన కొత్త ఆకు వేసుకుంటుంది, మనం కింద తీస్తాం, చెట్టు ఎక్కుతున్న మెట్లని వెనకాలే ఒక్కొక్కటీ తీస్తూ పోవడం లాంటిది. ఆలస్యం చేస్తే కొమ్మలు చస్తాయి, తొందరపడితే ఆకు చాలదు, మధ్యలో ఉన్న ఆ సరైన టైం కొన్ని నెలలే ఉంటుంది.

ఇంకోటి, అన్ని చెట్లకీ కొట్టక్కర్లేదు. హెక్టారుకి వెయ్యి చెట్లు నాటితే చివరిదాకా ఉండేవి రెండు మూడొందలే, తిన్నగా, చురుగ్గా, సన్నటి కొమ్మలతో ఉన్నవాటిని ఎంచుకుని వాటికే చేయాలి. కానీ ఇక్కడో మెలిక ఉంది, కొట్టిన చెట్టు పక్కనే కొట్టని చెట్టు నిండు గుబురుతో ఉంటుంది, మోతాదు కొంచెం మించినా అది దీన్ని తొక్కేస్తుంది. కాబట్టి పక్కవాటిని పలచన చేయడం, అదే థిన్నింగ్, దీని వెనకే జరగాలి. కొమ్మలు కొట్టి పలచన చేయనివాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. చెట్టు లోపల 12 సెంటీమీటర్ల దగ్గర ముడులు ఆపేశారు, కానీ దాని మీద చెక్క చేరడానికి చెట్టుకి జాగా ఇవ్వలేదు, కష్టపడి పునాది తీసి ఇల్లు కట్టనట్టు.

కోత దగ్గరికి వద్దాం, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. చిన్న చెట్టు కింద కొమ్మని దగ్గరగా చూడండి, నైటెన్స్, గ్లోబ్యులస్ లాంటివాటికి లేత వయసులో ఆకులు బూడిద పూసినట్టు నీలి తెలుపుగా, కాడ లేకుండా ఎదురెదురుగా కొమ్మని పట్టుకుని ఉంటాయి, పెద్దయ్యాక వచ్చే కొడవలి ఆకులకీ వీటికీ పోలికే ఉండదు. ఆ కొమ్మ మానులో కలిసేచోట చర్మం కొంచెం ఉబ్బి, చొక్కా కాలరులా ముడతలు పడి ఉంటుంది. ఆ కాలరు మానుది, కొమ్మది కాదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లని నిలువుగా చీల్చి చూసి ఈ సంగతి చెప్పాడు, చెట్టుకి గాయం మానదు, చెట్టు ఆ గాయాన్ని లోపల గోడలు కట్టి మూసేస్తుంది, కుళ్ళు ఆ గోడలు దాటకుండా ఆపుతుంది అని. 1970ల్లో కోడిట్ అనే పేరుతో వచ్చిన వివరణ ఇది. కాలరు తీసేస్తే ఆ గోడ కట్టే మేస్త్రీనే తీసేసినట్టు, కాలరుకి బయట బెత్తెడు మొండెం వదిలితే చెట్టు దాన్ని కమ్ముకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోపు అది ఎండి బూజుకి దారి ఇస్తుంది. కాలరు అంచున, పదునైన చేతిరంపంతో, లావు కొమ్మ అయితే ముందు కింద నుంచి చిన్న గాటు పెట్టి తర్వాత పైనుంచి కోయాలి, లేకపోతే కొమ్మ బరువుకి బెరడు చీలుకుని మాను మీద మూరెడు మేర లేచిపోతుంది. కత్తితో నరకడం మాత్రం వద్దు, ఎంత చెయ్యి తిరిగినవాళ్ళైనా రోజుకి వందల కొమ్మల్లో కొన్ని దెబ్బలు మానుకి తగులుతాయి.

కొమ్మ ఎంత సన్నగా ఉంటే గాయం అంత త్వరగా మూసుకుంటుంది. రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటిన కొమ్మలు తీసినచోట కుళ్ళు ఎక్కువ వస్తుంది, పచ్చి కొమ్మ కోత కంటే ఎండు కొమ్మ కోత మూసుకోవడం ఆలస్యం. వానల్లో కొట్టకండి, తడి గాయం మీద బూజు విత్తనాలు ఇట్టే మొలుస్తాయి, పొడి రోజులు చూసుకోవాలి. గాయానికి రంగులు, పేస్టులు పూయడం నేనూ చేశాను, అది కుళ్ళుని ఆపదు, చెట్టు చేసే పని చెట్టుకే వదిలేయాలి. కొట్టిన కొమ్మల్ని మాత్రం బయటికి మోయకండి, ఆకుల్లో ఉన్న నత్రజని మళ్ళీ నేలకే పోవాలి.

మరో జాగ్రత్త, మనం కింద నుంచి ఆకు తీస్తున్నప్పుడు పైనుంచి ఇంకెవరైనా తీస్తున్నారా చూడాలి. టాస్మేనియాలో యూకలిప్టస్ ఆకు పెంకు పురుగులు లేత చిగుళ్ళనే తింటాయి, అంటే చెట్టు ఓవర్‌టైం చేయాల్సిన ఆకునే. ఆ ఏడాది పురుగు ఉధృతంగా ఉంటే కింద సగం తీయడం సగం కాదు, చాలా ఎక్కువ. ఎండాకాలం చివర్లో నీటి కొరత సంగతి కొంచెం వేరు, ఆకు తగ్గితే చెట్టు నీటి వాడకం కూడా కొన్నాళ్ళు తగ్గుతుంది, కాబట్టి కొట్టిన చెట్లు వడలిపోతాయేమో అన్న భయం నాకు లేదు.

ఒక విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి, యూకలిప్టస్ దుంగ నరికిన వెంటనే చివర్లు నక్షత్రంలా పగిలిపోవడం, పలకలు విల్లులా వంగడం, అది చెట్టు పెరిగేటప్పుడు లోపల బిగించుకున్న ఒత్తిడి వల్ల. కొమ్మలు కొట్టినా అది పోదు, దాని చికిత్స కోత పద్ధతిలో, ఆరబెట్టడంలో ఉంది.

మొన్న పొడి రోజు చూసుకుని మూడో విడత మొదలుపెట్టాను. నిచ్చెన వేసిన మొదటి చెట్టు మీదే, నా తల ఎత్తులో, మొదటి విడతలో కోసిన గాయాల్ని వెతికాను. రెండు దొరికాయి, మూడోది ఎక్కడో కనపడలేదు. దొరికినవి కూడా గాయంలా లేవు, రెండు వైపుల నుంచి చెక్క పెదాల్లా కమ్ముకొచ్చి మధ్యలో గోరు గీసినంత సన్నటి గీత మిగిలింది, దాని మీద కొంచెం ఎర్ర బంక ఎండి ఉంది. బొటనవేలితో తడిమితే చిన్న ఎత్తు తగిలింది. టేపు చుట్టాను, పదిహేడున్నర. అక్కడ రాసుకుని నిచ్చెన రెండో చెట్టుకి మార్చాను.